మూటకాడి మనిషి

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. బడిలో బెంచీ మీద, పెళ్ళిలో పంక్తిలో, బస్సులో కిటికీ పక్కన, ఎక్కడైనా సరే కాసేపటికి కాలు ఆడటం మొదలవుతుంది. మా అమ్మ దానికి చాలా పేర్లు పెట్టింది. వాటిలో మర్యాదగా రాయగలిగింది 'కాలుగాలిన పిల్లి' ఒక్కటే. ముప్పై ఏళ్ళు నిండేలోపు నాలుగు ఉద్యోగాలు మారాను. ఐదోది తిరుపతిలో కళ్ళద్దాల అంగడి. అలాంటి నేను రెండున్నరేళ్ళపాటు ప్రతి ఆదివారం ఒక మామిడిచెట్టు వెనక కదలకుండా నిలబడ్డానంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు. నిలబడి ఏం చేశానో చెబితే ఇంకా నమ్మరు.

అంగడిలో నా పని అక్షరాల పట్టిక దగ్గర. వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, పై వరస నుంచి కిందికి చదివించాలి. ఈ పనిలో నాకు కోపం తెప్పించే రకం ఒకటుంది. ముందు కూర్చున్నవాళ్ళు చదువుతుంటే చెవులు రిక్కించి విని, బట్టీ పట్టి, తమ వంతు రాగానే గడగడా అప్పజెప్పేవాళ్ళు. ఎవరిని మోసం చేస్తున్నట్టు? కళ్ళు వాళ్ళవే, అద్దాలు పెట్టుకుని రోడ్డు దాటేదీ వాళ్ళే. అలాంటి ఒకాయనకి పట్టిక మార్చి మరీ చదివిస్తే ఒక్క అక్షరం రాలేదు. ఆయన మా యజమాని దగ్గరికి పోయి నాకు పొగరని చెప్పాడు. అది అబద్ధమేమీ కాదు.

పెద్దమ్మ ఆ అంగడికే వచ్చింది. నాకు చుట్టం కాదు. అరవైకి దగ్గర పడిన మనిషిని పెద్దమ్మా అనక ఇంకేమంటాం? చంద్రగిరి పక్కన ఒక బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండేది. పెద్ద పెద్ద డేగిసాలు ఎత్తీ దించీ భుజాలు గట్టిపడి ఉన్నాయి. పట్టిక ముందు కూర్చుని కనిపించింది కనిపించిందంది, కనిపించనిది లేదంది. మూడో వరస దగ్గర ఆగిపోయింది.

"ఇది సున్నా అయినా అయ్యుండాల, ఇంగోటైనా అయ్యుండాల. తెలీనిదాన్ని ఎట్ట సెప్పేది?" అంది.

ఆ మాటకే నాకు ఆమె నచ్చింది. దూరం చూపు దేనికి కావాలి, బస్సు బోర్డులు చదవడానికా అని అడిగాను.

"అరవై అంగలు," అంది. "అరవై అంగల దూరంలో మూట కనపడాల. మూట మింద బొట్టు కనపడాల."

ఏం మూట అని అడిగాను. అడగకపోయి ఉంటే ఆ ఏడాది కూడా నేను ఉద్యోగం మారి ఉండేదాన్ని.

ఆమె చెప్పింది విల్లుకూటం గురించి. చంద్రగిరికి అవతల, కొండ వారన ఒక మామిడి తోపులో ఆదివారం సాయంత్రాలు పదకొండు మంది ఆడవాళ్ళు బాణాలు వేస్తారు. పదకొండే ఎందుకంటే ఉన్నవి పదకొండు వెదురు విల్లులు. ఒక విల్లు విరిగితే అదే కొలతకి ఇంకోటి చేయించుకుంటారు గాని పన్నెండోది చేయరు. ఈ కూటం ఎప్పటిదంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. కోటలో రాణివాసానికి కాపలా ఉన్న ఆడవాళ్ళ నుంచి వచ్చిందని కొందరు, చెనక్కాయ చేలల్లో పడే అడవిపందులని తరమడానికి మగదిక్కు లేని ఆడవాళ్ళు మొదలుపెట్టారని కొందరు. కోట కథ చెప్పేటప్పుడు అందరూ నడుం నిటారు చేసుకుంటారు. నాకు పందుల కథే నిజమనిపిస్తుంది.

మరుసటి ఆదివారమే వెళ్ళాను. కూలికి పోయేవాళ్ళు, తోపు సొంతామె, ఒక నర్సమ్మ, కోడళ్ళతో వచ్చిన అత్తలు. చర్చికి పోయేవాళ్ళు ముగ్గురున్నారు గనక వాళ్ళు తిరిగొచ్చి, అన్నం తిని, కాసేపు నడుం వాల్చాక నాలుగు గంటలకి మొదలవుతుంది. అందరికన్నా పెద్దామెని అందరూ అవ్వ అంటారు. ఆమె విల్లు దించేసి చాలా ఏళ్ళయింది, మాట మాత్రం దించలేదు.

అక్కడి పద్ధతి చూసి మొదట నవ్వొచ్చింది. వారం మొత్తానికి మనిషికి ఒకటే బాణం. మిగతా ఆరు రోజులూ ఇంట్లో విల్లు లాగడం, పట్టి ఉంచడం, వదలకుండా మళ్ళీ నెమ్మదిగా దించడం. బాణం లేకుండా తాడు వదిలితే విల్లు పగులుతుంది. "దించను రానోళ్ళకి ఎయ్యను రాదు" అని అవ్వ రోజుకి పదిసార్లు అంటుంది. తోపులో రెండు చెట్ల వరసల మధ్య సందు ఒక్కొక్కరికి ఒకటి. సందు చివర రాతికంబానికి కట్టిన గోతం, దాన్నిండా చెనక్కాయ పొట్టు, అదే మూట. గోతం మీద పసుపు, నడిమధ్యన కుంకుమ బొట్టు. దాని వెనక మట్టికట్ట. కొమ్మలు కిందికి దిగి ఉంటాయి గనక ఒకరి సందులో జరిగేది ఇంకొకరికి కనపడదు.

అసలు సంగతి ఇంకా ఉంది. బాణం వేసిన మనిషి, అది చేయి దాటగానే మూటకి వీపు తిప్పేయాలి. ఎక్కడ తగిలిందో చూడకూడదు. మూటకి కుడిపక్కన ఐదడుగుల దూరంలో ఉన్న చెట్టు వెనక ఇంకొకామె నిలబడి ఉంటుంది. ఆమె పోయి చూసి, వేళ్ళతో కొలిచి, బాణం పీకి, అరవై అంగలు నడిచొచ్చి, చేతిలో పెట్టి చెబుతుంది. "బొట్టుకి నాలుగు వేళ్ళు కుడి, జానెడు కింద." అంతే. భలే అనకూడదు, అయ్యో అనకూడదు. ఆ చెప్పే మనిషిని మూటకాడి మనిషి అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళంతా ముందు మూటకాడి మనుషులే. పెద్దమ్మకి అంతకుముందున్న మూటకాడి మనిషి అప్పుడే మానేసింది. నన్ను నిలబెట్టారు.

నాకు విల్లు ఎప్పుడిస్తారని మొదటిరోజే అడిగాను. వరసగా మూడు ఆదివారాలు ఒకామె బాణం మూటకి తగలకపోతే ఆమె విల్లు దించాలి. ఆ విల్లు ఆమె మూటకాడి మనిషికి పోతుంది. ఇంక వేరే దారి లేదు.

నేను లెక్క వేసుకున్నాను. తగిలిందో లేదో చెప్పేది నేను. తగల్లేదని చెబితే విల్లు వచ్చేది నాకు. ఇది దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదా?

"ఇదేం పద్ధతవ్వా? విల్లు కావాలనుకుంటే తగల్లేదని సెప్పేస్తే సరిపోతాది గదా," అన్నాను.

"సెప్పు. ఎవురొద్దన్నారు?" అంది అవ్వ, తమలపాకుకి సున్నం రాస్తూ. "అందుకే గదా నిన్నాడ నిలబెట్టింది."

నా తర్వాత చేరిన ఒక కాలేజీ అమ్మాయి మూట దగ్గర ఫోను పెట్టి వీడియో తీస్తే ఎవరూ అటూ ఇటూ నడవక్కర్లేదంది. నాకూ అదే సబబనిపించింది. అవ్వ మాత్రం, "ఫోను సెప్తే ఫోన్ని నమ్ముతావు. మనిసిని నమ్మేది ఎప్పుడు నేర్చుకుంటావు?" అని ఊరుకుంది.

మొదటి ఏడాది నాకు నరకం. ఆదివారం కోసం ఆరు రోజులు, ఆదివారం వచ్చాక ఒక బాణం, అదీ నాది కాదు. చెట్టు వెనక నిలబడితే చీమలు కాళ్ళెక్కేవి. ఎన్నోసార్లు మానేద్దామనుకున్నాను. సాయంత్రం చివర్లో పెద్దమ్మ తన విల్లు నా చేతికిచ్చి మూడుసార్లు లాగి దించమనేది. ఆ మూడుసార్ల కోసం మళ్ళీ వచ్చేదాన్ని. తాడు చెవి దాకా వచ్చి ఆగినప్పుడు ఒళ్ళంతా బిగుసుకుని, నా కాలు కూడా ఆగిపోయేది. నా బతుకులో కాలు ఆగిన క్షణాలు అవే. వదలాలని వేళ్ళు పీకేవి. "దించు మే," అనేది పెద్దమ్మ. దించేదాన్ని. ఆ విల్లు మీద నాకు పుట్టిన ఆశ అంతా ఇంతా కాదు. ఒకరి మీద మనసు పడ్డప్పుడు కూడా నేను అంతలా ఆశపడలేదు.

నేనిచ్చిన అద్దాలతో పెద్దమ్మ ఏడాదిన్నర చక్కగా వేసింది. ఆమె దెబ్బ ఎప్పుడూ బొట్టుకి జానెడు దాటేది కాదు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని, ఆమె తలూపేది. ఆ తర్వాత షుగరు కంటి వెనక పొరని పట్టుకుంది. ఆసుపత్రిలో సూదులు వేశారు. ఉన్న చూపు నిలబెడతాం గాని పోయింది తేలేమన్నారు. అద్దాలు మారిస్తే ఉపయోగం లేదని అంగడిలో పనిచేసే నాకు వేరే చెప్పక్కర్లేదు. అయినా రెండు జతలు మార్చి చూశాను.

ఒక ఆదివారం శ్రీహరికోటలో రాకెట్ వదిలారు. మేమంతా విల్లులు పక్కన పెట్టి తోపు బయటికొచ్చి నిలబడ్డాం. తూర్పున సన్నగా పొగగీత లేచింది. పెద్దమ్మ కూడా తలెత్తింది. "ఆ, పోతా ఉండాది, కనపడతా ఉండాది," అంది. ఆమె చూస్తున్నది దక్షిణం వైపు. పట్టిక ముందు తెలియనిది తెలియదని చెప్పిన మనిషి అలా అనడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ రోజు బాణం మూట దాటి జానెడు కుడికి, కట్టలో దిగింది. అలాగే చెప్పాను. తలూపింది. మరుసటి ఆదివారం మళ్ళీ కుడికి, ఈసారి మూట అంచుని రాసుకుంటూ పోయింది. రాసుకోవడం తగలడం కిందికి రాదు. అదీ చెప్పాను. "అట్లనా," అంది. ఆ 'అట్లనా' వినడానికి కష్టంగా ఉంది.

మూడో ఆదివారం నాడు తిరుపతి నుంచి బస్సెక్కినప్పటి నుంచే నా కాలు ఆగలేదు. పక్కన కూర్చున్నామె చిరాకుపడి వేరే సీటుకి పోయింది. ఇవాళ తగలకపోతే విల్లు నాది. ఆ ఆలోచన వచ్చినప్పుడు నాకు బాధ కలగలేదు. సంతోషం కలిగింది. తగలకూడదని లోపల కోరుకుంటున్నానని చంద్రగిరిలో దిగేసరికి నాకు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నాకు లాగడం, దించడం నేర్పిన మనిషి కళ్ళు పోతుంటే, నేను ఆమె చేతిలోని విల్లు వైపు చూస్తున్నాను.

బాణం మూటకి కుడిగా జానెడు దూరంలో కట్టలో దిగింది. అచ్చం మొదటివారం లాగే. నేను దాన్ని పీకాను. మొన మీద మట్టి ఉంది. చున్నీతో తుడిచాను. తుడుస్తున్నప్పుడే నేనేం చేయబోతున్నానో తెలిసింది. మూట దగ్గరికి పోయి బాణాన్ని చేత్తో గోతంలోకి ఒక్క పోటు పొడిచి లాగాను. పొట్టు నలుసులు అంటుకున్నాయి. అరవై అంగలు నడిచి పోయి ఆమె చేతిలో పెట్టాను.

"బొట్టుకి నాలుగేళ్ళు ఎడం," అన్నాను.

పెద్దమ్మ మొనని వేళ్ళతో తడిమింది. నలుసులు తగిలాయి. పెద్దగా ఊపిరి వదిలింది. "ఎడమా? కుడి కుడి అంటివే అని ఎడానికి జరిపినా. ఎక్కువ జరిపినట్టుండా," అని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను మంచిపని చేశాననుకున్నాను. నా లాభం వదులుకున్నాను గదా, ఇంతకన్నా ఏం కావాలి అనుకుంటూ ఇంటికొచ్చాను. ఆ వారం నా మీద నాకు భలే గౌరవం కలిగింది.

అబద్ధానికి ఆకలెక్కువని నాకు తెలియదు. నాలుగు వేళ్ళు ఎడం అన్నాను గనక ఆమె తర్వాతివారం కుడికి జరిపింది. బాణం ఇంకా కుడికి పోయింది. మళ్ళీ తుడిచాను, మళ్ళీ పొడిచాను. సరిగ్గా బొట్టుకే అంటే నమ్మదేమోనని ప్రతివారం రెండు వేళ్ళు ఎడం ఉంచుతూ వచ్చాను. నిజంలా వినబడాలని పెట్టిన రెండు వేళ్ళు అవి. ఆమె వాటిని సరిచేయాలని ప్రతివారం ఇంకాస్త కుడికి తిరిగేది. చూపు ఆనని మనిషి రెండు వేళ్ళని రెండు వేళ్ళే జరపలేదు, రెండు జానలు జరుపుతుంది. మూటకి కుడిపక్కన ఉన్నది నా చెట్టు. బాణం వారం వారం నా వైపు నడిచొస్తోందని తెలుస్తూనే ఉంది. చెబుదామంటే ఎలా చెప్పేది? తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

అది చాలదన్నట్టు పెద్దమ్మకి హుషారొచ్చింది. "కండ్లు మసగ్గా ఉండాయి, అయినా బాణం పోతా ఉండాది సూడు. చూపులో ఏం లేదు మే, అంతా భుజంలో ఉండాది," అని అందరికీ చెప్పసాగింది. కూటంలో ఆమె పరపతి పెరిగింది. నర్సమ్మ, ఇంకొకామె వచ్చి ఆ విద్య తమకీ నేర్పమన్నారు. పెద్దమ్మ వాళ్ళ వెనక నిలబడి, భుజాలు పట్టుకుని, కళ్ళు మూసుకోమనేది. వాళ్ళు రెండు వారాలు కళ్ళు మూసుకుని, విల్లు పోకూడదని మూడోవారం తెరిచి బాణాలు వేసేవాళ్ళు. వాళ్ళ మూటకాడి మనుషులు నిజాయితీపరులు గనక కళ్ళు మూసిన ప్రతిసారీ వచ్చి కట్టలో పడిందనే చెప్పేవాళ్ళు. వాళ్ళు సాధన చాలలేదనుకుని ఇంకా గట్టిగా కళ్ళు మూసేవాళ్ళు. నాకు నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అంగడిలో నా పని చెడిపోయింది. పట్టిక ముందు ఎవరైనా బట్టీపట్టి అప్పజెబుతుంటే ఇదివరకటిలా కోపం రావడం మానేసింది. ఒక పెద్దాయన అన్ని వరసలూ తప్పుల్లేకుండా చదివి, లేచి, తలుపనుకుని అద్దానికి గుద్దుకున్నాడు. అందరూ నవ్వారు. నేను లోపలికి పోయి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఇంట్లో అన్నం ముందు కూర్చోలేకపోయాను. పెరట్లో అటూ ఇటూ తిరుగుతుంటే మా అమ్మ, "ఈసారి ఏ ఉద్యోగం మారబోతా ఉండావు?" అని అడిగింది.

ఏడో అబద్ధం తర్వాతి ఆదివారం అది. ఎండ తగ్గలేదు. నేను చెట్టు వెనకకి పోయి "ఉండా" అని కేకేశాను. ఆమెకి అది వినపడ్డాకే వేయాలి. కాండానికి వీపు ఆనించి నిలబడ్డాను. తాడు చప్పుడు వినపడింది. వెంటనే నా వీపు వెనక చెట్టు దడాలున అదిరింది. కొమ్మల్లో పిట్టలు లేచిపోయాయి. కాసేపు నేను కదల్లేదు. చెట్టు అవతలికి వచ్చి చూస్తే కాండంలో, నా గుండె ఎత్తున, బాణం దిగి ఉంది.

దాన్ని పీకడానికి రెండు చేతులూ పట్టాయి. తుడవాలని గాని మూటలో పొడవాలని గాని తోచలేదు. అరవై అంగలు ఎలా నడిచానో గుర్తులేదు. ఆమె వీపు తిప్పి నిలబడి ఉంది, పద్ధతి ప్రకారం. బాణం చేతిలో పెట్టాను.

"బొట్టుకి రెండేళ్ళు..." అన్నాను, అలవాటుగా.

పెద్దమ్మ మొనని తడిమింది. వేలు ఆగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జిగురు సాగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మామిడిచెక్క వాసన," అంది. "మూటలో బంక యాడిది మే?"

నా చేతికంటిన బంకని చున్నీకి తుడుచుకున్నాను.

"నువ్వు యాడ నిలబడి ఉండావు?"

"చెట్టెనక."

"ఆ చెట్టెనకేనా?"

"ఊఁ."

"ఎన్ని ఆదివారాల్నించి?"

"ఇది కాకుండా ఏడు."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. "నా కండ్లు పోయినాయని నాకు తెలుసు," అంది. "నీ కండ్లు ఉండాయి గదా అనుకుంటిని. ఆటితోనే చూస్తా ఉంటిని. ఏడు వారాలుగా నీ మిందికి బాణం ఏస్తా ఉండానంటే, నేనేం మనిసిని మే?"

నేను ఏడుస్తూ క్షమించమన్నాను. ఆ మాట వినిపించుకోలేదు. "నేను ఎవురికీ సెప్పను. సెప్పాల్సింది మూటకాడి మనిసి. పోయి సెప్పు," అని టీలు తాగుతున్న వాళ్ళ వైపు చేయి చూపించింది.

చెప్పాను. అందరూ గ్లాసులు కింద పెట్టారు. తుడవడం, పొడవడం, అన్నీ చెప్పాను. ముందు నర్సమ్మకి కోపమొచ్చింది. "నెలన్నరగా కండ్లు మూసుకోని కట్టకి కొడతా ఉండానే నేను," అంది. ఇంకెవరో నవ్వబోయి ఆపుకున్నారు. తోపు సొంతామె నన్ను ఆ రోజే పంపించేయాలంది.

అవ్వ ఆకు నములుతూ నన్నే చూసింది. "విల్లు కోసరం అబద్ధం సెప్పినోళ్ళని ఇద్దర్ని చూసినా. ఇద్దర్నీ పంపేసినాం. విల్లు రాకుండా అబద్ధం సెప్పినదాన్ని ఇప్పుడే చూస్తా ఉండా. ఎందుకు సెప్పినావు?"

"పెద్దమ్మ విల్లు పోతాదని," అన్నాను.

"అదీ అబద్ధమే," అంది పెద్దమ్మ. అప్పటిదాకా ఆమె వెనక నిలబడి ఉందని నాకు తెలియదు. "దానికి ఆ విల్లు కావాల. లాగినప్పుడల్లా దాని చెయ్యి చూస్తానే ఉండా గదా, నాకు తెలీదా? కావాలనుకుండేదానికి దానికి సిగ్గయింది. ఆ సిగ్గు దాచుకోను నన్ను గుడ్డిదాన్ని చేసింది."

నా జీవితంలో ఎవరూ నా గురించి అంత సరిగ్గా చెప్పలేదు. అక్కడి నుంచి లేచి పరిగెత్తి, బస్సెక్కి, ఇంకెప్పుడూ చంద్రగిరి మొహం చూడకుండా ఉండాలనిపించింది. కాళ్ళు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

"పంపించేస్తే దానికి సుఖం," అంది అవ్వ, నా కాళ్ళ వైపు చూసి. "నాలుగు పనులు మారినట్టే ఇదీ మారి పోతాది. మూడు తప్పితే విల్లు మూటకాడి మనిసికి పోవాల. పోనీండి. ఈ విల్లు పట్టుకోని ఈన్నే ఉండాల, అదే దానికి శిక్ష."

"మరి దానికి మూటకాడ ఎవురు నిలబడేది?" అని తోపు సొంతామె అడిగింది. "దీన్ని నమ్మి ఎవురు నిలబడతారు?"

"నేను," అంది పెద్దమ్మ.

"నీకు కండ్లు..."

"ఏళ్ళుండాయి గదా," అని రెండు చేతులూ చాపి చూపించింది.

ఆ వారమంతా విల్లు మా ఇంట్లో ఉంది. పిడి మీద ఆమె అరచేయి పడి పడి ఒక పల్లం ఏర్పడింది. నా చేయి అందులో కుదరలేదు. రోజూ లాగాను, దించాను. ఎన్నేళ్ళుగానో ఆశపడిన వస్తువు చేతిలో ఉంటే నాకు దాన్ని చూడాలంటేనే భయమేసింది.

ఆదివారం పెద్దమ్మ అరవై అంగలూ పైకే లెక్కపెట్టుకుంటూ పోయింది. చేయి చాచి మూటని తాకింది. అక్కడి నుంచి ఐదడుగులు పక్కకి నడిచి చెట్టుని తడిమింది. బాణం చేసిన గాయం మీద వేలు ఆనించి ఒక్క క్షణం ఆగి, కాండం వెనకకి పోయింది. "ఉండా," అని కేక వినపడింది.

నేను బాణం సంధించి తాడు లాగాను. నాకు బొట్టు కనిపించలేదు, చెట్టే కనిపించింది. దించాను. మళ్ళీ లాగాను, మళ్ళీ దించాను. మూడోసారి వదిలి వెనక్కి తిరిగాను.

తిరిగాక తెలిసింది నాకు, ఇన్నేళ్ళు ఆమె ఎలా నిలబడిందో. చూడకూడదు. కదలకూడదు. ఆమె చెట్టు వెనక నుంచి వచ్చిన అలికిడి వినపడింది. మూట మీద చేయి రాసిన చప్పుడు. తర్వాత ఎండుటాకుల మీద అడుగులు, కట్ట మీద మట్టి జారిన చప్పుడు. ఆమె వెతుకుతోంది. మిగతా సందుల్లో అందరిదీ అయిపోయింది, టీ గ్లాసుల చప్పుడు మొదలైంది. నా వెనక ఆమె ఇంకా చేతులతో మట్టి తడుముతూనే ఉంది. నా కాలు ఆడటం మొదలైంది. పరిగెత్తుకెళ్ళి నేనే పీకి తెచ్చేస్తే ఒక్క నిమిషం పని. కళ్ళున్నది నాకు. అయినా తిరగలేదు. కాలిని నేలకి అదిమిపెట్టి నిలబడ్డాను. నాకిప్పటికీ ఆ నిలబడటమంత కష్టమైన పని ఇంకోటి చేసిన గుర్తు లేదు.

చాలాసేపటికి అంగలు లెక్కపెడుతున్న గొంతు దగ్గరికొచ్చింది. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. నా చేతిలో బాణం పెట్టింది. ఆమె గోళ్ళ నిండా మట్టి ఉంది. బాణం మొన మీద కూడా మట్టి అలాగే ఉంది, ఎవరూ తుడవలేదు.

"తగల్లేదు మే," అంది. "మూటకి రెండు జానలు ఎడం. కట్టలో మూడేళ్ళ లోతు దిగింది. నాకు తగలకుండా చూసుకుంటివి గాని మూటని చూస్కోలా."

నేను తలూపాను. ఆమెకి అది కనపడదని గుర్తొచ్చి, "అట్లనా," అన్నాను.

"ఒక ఆదివారం అయిపాయ. ఇంగ రెండుండాయి," అంది పెద్దమ్మ, చేతుల మట్టి దులుపుకుంటూ. "ఆ రెండూ తప్పితే విల్లు మళ్ళా నాకే వస్తాది. మర్చిపోబాక."